చెంపకి ఆనించిన గుడ్డ

మా ఆయన్ని వీధిలో అందరూ ‘అద్దం’ అంటారు. ఎలాంటి కారు తెచ్చినా "అద్దంలా చేసిస్తానండీ" అనడం ఆయనకి ఊతపదం. పెళ్ళైన కొత్తలో ఆ మాటకి నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. ఇంట్లో అద్దం మీద సబ్బు మరకలు మాత్రం ఆ మహానుభావుడికి ఎప్పుడూ కనపడలేదు.

కారు రంగు మీద గీతలు తీయడం ఆయన పని. నీడలో తళతళలాడే కారుని ఎండలోకి తీస్తే సాలెగూడులా గుండ్రటి సన్నగీతలు బయటపడతాయి. దుమ్ము గుడ్డతో తుడిచిన పాపం అది. మెషిన్‌కి స్పాంజి బిళ్ళ తగిలించి, పాలిష్ రాసి తిప్పితే మాయమవుతాయి. పాలిష్ వెళ్ళి గీతల్ని పూడుస్తుందని నేను చాలాకాలం అనుకున్నాను. "పూడ్చడం కాదే పిచ్చిదానా, గీత ఎంత లోతుంటే చుట్టూ ఉన్న పొరని అంత అరగదీయడం" అన్నాడాయన. ఆ పొర కాగితం కన్నా పల్చన, అంచుల దగ్గర మరీనూ. అందుకే అంచులకి టేపు అంటించాకే మెషిన్ ఎత్తాలి.

అంతకంటే ముందు కారు కడగాలి. ఆ పని మా నాన్నది. డ్రైవరుగా రిటైరయ్యాక మా దగ్గరికొచ్చి, ఊరికే కూర్చుంటే కీళ్ళు తుప్పు పడతాయని అల్లుడి షాపులో చేరాడు. చూపు మందగించింది. అందుకని ప్రతి గుడ్డనీ కారుకి తగిలించే ముందు తన చెంపకి ఆనించి మెల్లగా జరిపి చూసుకునేవాడు. ఇసుక రేణువున్నా తెలిసిపోతుందట. "కంటికి వయసొచ్చింది గానీ చెంపకి రాలేదమ్మా" అనేవాడు. మా ఆయన కూడా వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించేవాడు, "మా షాపులో గుడ్డలకి పరీక్ష పెట్టేది మామయ్యగారే" అని.

ఆ రోజు లాయరుగారి నల్ల కారు వచ్చింది. నల్లరంగు చాడీకోరు, ఏదీ కడుపులో దాచుకోదు. మా ఆయన బానెట్ మీద పని దాదాపు ముగించాడు. మిగిలింది ఒక్క మూల. ఈ కాస్తకీ టేపెందుకులే అనుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ మెషిన్ ఆనించాడు. అంచు మీద పొర కాస్తా లేచిపోయి అడుగురంగు తేలింది, బొటనవేలి గోరంత.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు లాయరుగారు వచ్చి.

"మా మామయ్యగారు కడిగేటప్పుడు గీసుకుపోయినట్టుందండీ. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు."

నాన్న బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మచ్చ ఆయనకి కనపడదు. కనపడదు కాబట్టి నమ్మేశాడు. "తప్పయిపోయింది బాబూ" అని చేతులు జోడించాడు. పెద్దాయన్ని చూసి లాయరుగారు మెత్తబడి, ఆ మూలకి మళ్ళీ రంగు వేయించమని వెళ్ళిపోయాడు.

ఇదంతా తర్వాత తెలిసింది నాకు. ఆ సాయంత్రం నాకు తెలిసిందల్లా నాన్న కారు పాడుచేశాడని. "కళ్ళు కనపడనప్పుడు ఎందుకు నాన్నా ఈ తాపత్రయం? ఆయన పేరు పోదూ?" అని నోటికొచ్చినట్టు అనేశాను. మా ఆయన తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. మామగార్ని పల్లెత్తు మాటనలేదు, ఎంత మంచివాడో అని మురిసిపోయాను కూడా. నా మురిపెం తగలెయ్య!

మర్నాటి నుంచి నాన్న షాపుకి వెళ్ళలేదు. కిటికీ దగ్గర కూర్చుని, ఉతికిన తువ్వాళ్ళు ఒక్కొక్కటే చెంపకి ఆనించుకునేవాడు. "ఇది మెత్తగానే ఉంది కదమ్మా? నువ్వోసారి చూడు" అనేవాడు. నేను విసుక్కునేదాన్ని. మా ఆయనకి అన్నం సహించడం మానేసింది. పనెక్కువై అలిసిపోతున్నాడనుకున్నాను.

మా పాపకి స్నానమయ్యాక ఒళ్ళు తుడిచేది ఎప్పుడూ తాతే. ఒక ఆదివారం పాపని తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెడితే, తువ్వాలు చెంపకి ఒకటికి రెండుసార్లు ఆనించుకుని, నా చేతికిచ్చేశాడు.

"నువ్వే తుడువమ్మా. నా చెంపని ఇంక నమ్మలేను. పసిదాని ఒళ్ళు గీసుకుపోతే?"

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మా ఆయన అలాగే ఆగిపోయాడు. ఒక చెప్పుతోనే లోపలికొచ్చి నాన్న కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"మామయ్యా, అది గుడ్డ గీత కాదు. నా మెషిన్. నేను టేపు వెయ్యలేదు. భయమేసి మీ మీదకి నెట్టేశాను."

నాకు ఒళ్ళంతా మంటెత్తింది. తిడదామని నోరు తెరిచాను గానీ, ఆ సాయంత్రం నేనన్న మాటలు గుర్తొచ్చి మూసేసుకున్నాను. ఆయన అబద్ధం ఒక్కసారే ఆడాడు. నేను ఆ అబద్ధం పట్టుకుని కన్నతండ్రిని రోజూ విసుక్కున్నాను. ఎక్కడ పెట్టుకోను నా మొహం?

నాన్న ఒక్క తిట్టు తిట్టినా మా ఇద్దరికీ ఊపిరాడేది. ఆయన మొహం మెల్లగా విప్పారింది.

"అయితే నా చెంప బాగానే ఉందన్నమాట!" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"రేపే లాయరుగారికి నిజం చెప్పేస్తాను మామయ్యా. అందరి ముందూ చెప్తాను" అంటున్నాడు మా ఆయన ఏడుస్తూ.

నాన్న ఆ మాటలు వింటున్నట్టే లేదు. నా చేతిలోంచి తువ్వాలు లాక్కున్నాడు.

"సర్లే అల్లుడూ, ముందు పాపని ఇటు రానీ. తడి ఒంటితో వణికిపోతోంది."