అమ్మ పథ్యం, సిస్టర్ ఇంగ్లీషు

మా ఇంట్లో చావు కబుర్లు ఇంగ్లీషులోనే నడిచేవి. పెద్ద చదువుల కుటుంబమేమీ కాదు. గౌలిపురలో రెండు గదుల ఇల్లు, అందులో అమ్మా నేనూ. నేను ప్రైవేటు బడిలో ఇంగ్లీషు పంతులమ్మను, అమ్మది వేలిముద్ర. తొంభైల చివర్లో అమ్మ కాలేయంలో గడ్డ ఉందనీ, అది తగ్గేది కాదనీ డాక్టరు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను అమ్మకు తెలుగులో కామెర్లని చెప్పాను. కళ్లు ఎలాగూ పచ్చబడ్డాయి కనుక అబద్ధం అతికినట్టు సరిపోయింది.

కామెర్లంటే పథ్యం. ఉప్పు లేదు, కారం లేదు, నూనె చుక్క లేదు. అమ్మ పచ్చిపులుసు లేనిదే ముద్ద మింగని మనిషి. ఆదివారం తలకాయ కూర వండితే గిన్నె ఊడ్చుకుని తినేది. అలాంటి మనిషి ముందు చప్పటి మజ్జిగన్నం పెడుతూ, "ఇంకొన్ని రోజులే అమ్మా" అనేదాన్ని. నేను చెప్పినవాటిలో ఆ ఒక్క మాటే నిజం.

ఆ రోజుల్లోనే సిస్టర్ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఇటలీ నుంచి వచ్చిన సన్యాసిని, పురానాపూల్ దగ్గర ఒక ధర్మాసుపత్రిలో నర్సు. ఆమెకు వచ్చింది పుస్తకాల ఇంగ్లీషు. నలుగురూ మాట్లాడుకునే ఇంగ్లీషు నేర్పమని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సాయంత్రం పూట అమ్మను వదిలి కదలలేను గనుక పాఠం అమ్మ మంచం పక్కనే. సిస్టర్ ప్రతి మాటనూ నిదానంగా, గట్టిగా, చివర ఒక అచ్చు తగిలించి పలికేది. బుక్కు, బెడ్డు, మిల్కు. అమ్మకు అది తెగ నచ్చింది.

"నీ ఇంగ్లీషు గాలికి పోతది బిడ్డా. ఈమెదైతే చెవులకెక్కుతది" అనేది.

ఒకసారి అతిథి మర్యాదల పాఠం. వడ్డిస్తూ "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అంటారని చెప్పాను. సిస్టర్ ముఖం చిన్నబోయింది. నీ తిప్పలు నువ్వు పడు, ఇక్కడ నీకు దిక్కెవరూ లేరు అన్నట్టు వినిపించిందట ఆమెకు. అమ్మ ఏమిటని అడిగితే విప్పి చెప్పాను. వెంటనే అమ్మ సిస్టర్ పక్షం చేరింది.

"ఇంటికొచ్చినోల్లను గట్లంటరా? గిదేం మర్యాద? ఇంకో మాట చెప్పరాదు?"

చెప్పాను. "ఈట్ వాటెవర్ యూ లైక్." ఏది ఇష్టమైతే అది తినండి. ఇద్దరూ కలిసి వల్లించారు. ఆ తర్వాత నేను బడి నుంచి వచ్చినా, పాలాయన తలుపు కొట్టినా అమ్మది అదే పలకరింపు. నవ్వితే కడుపులో నొప్పి లేచేది. అయినా నవ్వేది.

వానలు మొదలయ్యేసరికి అమ్మ ఎముకల గూడయింది. డాక్టరు ఇంటికే వచ్చి చూశాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "ఏం ఫర్వాలేదమ్మగారూ, మందులు వేసుకోండి, తగ్గిపోద్ది" అన్నాడు అమ్మతో. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నాతో మాత్రం ఇంగ్లీషులో అన్నాడు.

"లెట్ హర్ ఈట్ వాటెవర్ షి లైక్స్."

పథ్యం ఎత్తేశారంటే ఆశ వదులుకున్నట్టేనని ఎవరికి తెలియదు? నేను పచ్చిపులుసు గిన్నె తెచ్చి పెట్టిన క్షణమే అమ్మకు అంతా అర్థమవుతుంది. అందుకే పెట్టలేదు. వంటింట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తర్వాత లేచి మజ్జిగన్నమే కలిపాను. అమ్మ మెతుకు మిగల్చకుండా తిన్నది.

"మంచిగున్నది బిడ్డా. కామెర్లు తగ్గినంక మస్తు తిందాం తియ్."

గల్లీలో బోనాల డప్పులు మోగుతుండగానే అమ్మ పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఉప్పూ కారం దట్టించి పచ్చిపులుసు చేశాను. తలకాయ కూర వండాను. మూసీ ఒడ్డున విస్తరి పెట్టి ఇటు తిరిగామో లేదో, కాకి వచ్చి వాలింది. మా మేనత్త చేతులు జోడించింది.

"మనసు నిండి పోయింది మా వదిన. ఏ కోరికా మిగల్లే."

మాతోపాటు వచ్చిన సిస్టర్ ఆ విస్తరి వంక చూసి, పచ్చిపులుసంటే ఇదేనా అని అడిగింది. నేను బడిలో ఉన్న మధ్యాహ్నాల్లో ఆమె వచ్చి కూర్చుంటే అమ్మ రోజూ దాని గురించే చెప్పేదట, సగం ఇంగ్లీషులో, సగం సైగల్లో. మరి ఒక్కసారైనా నన్నెందుకు అడగలేదు అన్నాను. సిస్టర్ తల వంచుకుని, అమ్మ అన్న మాటలు అమ్మలాగే పలికింది.

"డాక్టర్ సే, ఈట్ వాటెవర్ షి లైక్స్. ఐ నో. ఐ ఈట్, డాటర్ క్రై."

నేను తింటే నా బిడ్డ ఏడుస్తది.

కాకి కూర ముగించి పచ్చిపులుసులో ముక్కు పెట్టింది. వంగి ఒక రాయి తీసి దాని మీదికి విసిరాను. మేనత్త నా చెయ్యి ఒడిసి పట్టుకుని, పిచ్చి లేసిందా నీకు అని అరిచింది. నేను రెండో రాయి కోసం వెతుకుతున్నాను.