ఉప్పెక్కిన బావి

మా ముత్తాత గ్రామ మునసబు. మా తాత రేపల్లె వైపు పెద్ద ఆసామి. కాలవకు నీళ్ళొదిలిన రోజున ఆయన వచ్చి పసుపు కుంకుమ వేసేదాకా మా ఊళ్ళో ఎవరూ తూము ఎత్తేవారు కాదు. మా నాన్న పోయేనాటికి పొలం మిగల్లేదు. ఇల్లూ, పెరటి బావీ మిగిలాయి.

మాది సముద్రానికి దగ్గర నేల. ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. కాలవ గట్టు పక్కనే ఉండటం వల్ల మా బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు ఊరేవి. ఊరంతా బిందెలతో వచ్చేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా అమ్మ ముందు చెంబుతో ఆ నీళ్ళిచ్చి, తర్వాతే పలకరించేది. రొయ్యల చెరువుల వాళ్ళు ఇల్లు కొంటామని అడిగినప్పుడు, "బావి తియ్యగా ఉన్నంతకాలం ఆ మాట ఎత్తొద్దు" అంది.

ఎల్‌నినో ఏడు కాలవ రాలేదు. బాపట్లలో వ్యవసాయం చదివిన మా తమ్ముడు అమ్మకి కారణం చెప్పాడు. ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కితే ఇక్కడ నైరుతి నీరసపడుతుందట. పై రాష్ట్రాల కొండల్లో వానల్లేక కృష్ణకు వరద రాదు, డ్యాములు నిండవు. కాలవ చివరనున్న మాకు చుక్క దిగదు. ఆ నీరు ఇంకకపోతే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది.

"మనం కంటితో చూడని సముద్రానికి మన బావితో పనేంట్రా?" అంది అమ్మ.

దీపావళి దాటాక బిందెలు రావటం ఆగిపోయింది. అమ్మ రోజూ పొద్దున్నే ఒక పుక్కిలి బావి నీళ్ళు నోట్లో పోసుకుని చూసి, ఉమ్మేసి లోపలికి వెళ్ళేది. మేం క్యాన్ల నీళ్ళు తాగుతున్నాం. వాటిని వచ్చినవాళ్ళకి పోయనిచ్చేది కాదు. కొన్న నీళ్ళు ఈ గుమ్మంలో ఎవరికీ ఇవ్వలేదంది.

ఒకరోజు చాలాకాలంగా మాకు చేపలు తెచ్చి అమ్మే ఆవిడ గంప దించి అరుగు మీద కూలబడింది.

"కాలవలో మట్టగిడసలు వాటంతటవే ఎండుచేపలైపోయినయ్యండి. మాకిక ఎండబెట్టే పని కూడా లేదు. ఏంటి అమ్మగారూ, ఇంకా చెంబు రాలేదు?"

నేను క్యాను వైపు కదిలాను. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసి, తనే వెళ్ళి బావిలో తోడుకొచ్చింది.

ఆవిడ చెంబెడూ తాగింది. మధ్యలో ఆపలేదు, ముఖం చిట్లించలేదు. మూతి తుడుచుకుని, "మీ బావి నీళ్ళు మీ బావి నీళ్ళేనండి" అని గంపెత్తుకుంది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. చెంబు బోర్లించి పెట్టింది.

"మన పరువు ఆవిడ కాచాల్సొచ్చిందిరా," అంది. "ఇంక అమ్మెయ్యండి."

ఇప్పుడు మేం తెనాలిలో అద్దె వాటాలో ఉంటున్నాం. ఇల్లూ, పెరడూ, బావీ ఒకే దస్తావేజు మీద రొయ్యల చెరువుల వాళ్ళకి అమ్మేశాం.