మా పత్రంలోకి వచ్చిన ఒంటె

నేను తెలుగు టీచర్ని. నాకు కోపం ఎక్కువని పిల్లలు అంటారు. నిజమే, కానీ ఊరికే రాదు, తెప్పిస్తేనే వస్తుంది. ఆ ఏడాది మాత్రం తెప్పించింది పిల్లలు కాదు, ఒక ఒంటె.

కామారెడ్డిలో మాకు శిక్షణ పెట్టారు. ఒకే పత్రాన్ని ఇంటర్నెట్‌లో ఎవరి ఫోనులో వాళ్లు తెరిచి, అందరూ ఒకేసారి రాయవచ్చట, ఒకరిది ఒకరు దిద్దవచ్చట. దాంతో చదువు చెప్పే తీరే మారిపోతుందన్నారు. పక్కన కూర్చున్న బీర్కూర్ లెక్కల సారు "మా బడిల కరెంటు పోకుంట ఉంటె సాలు మేడం, తీరు అదే మారుతది" అని గొణిగి సమోసా అందుకున్నాడు. నాకు మాత్రం ఆశ పుట్టింది. వ్యాసాల కట్టలు చంకన పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సులో నిలబడి రావడం ఇక తప్పుతుందనుకున్నాను.

పదో తరగతికి వ్యాసం ఇచ్చాను, "పది తర్వాత నేనేం చేస్తాను" అని. లింకు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి, మర్నాడు ఇంట్లో ఉన్న ఫోన్లు తెమ్మన్నాను. లింకు ఉన్నవాళ్లెవరైనా రాయవచ్చు అనే చోట టిక్కు పెట్టాను. అక్కడే మొదలైంది తమాషా. మా దిక్కు ఫోనులోకి ఏది వచ్చినా నలుగురికి పంపనిదే ఎవరికీ నిద్ర పట్టదు.

మర్నాడు గోడకున్న పెద్ద తెర మీద పత్రం తెరిచాను. ఖాతా లేకుండా లోపలికి వచ్చిన వాళ్లకు ఆ యంత్రమే ఏదో ఒక జంతువు పేరు పెడుతుంది. అజ్ఞాత నక్క, అజ్ఞాత తాబేలు, ఇలా. వాళ్లు రాసే చోట ఆ పేరుతో ఒక గుర్తు కదులుతుంటుంది. ఇంకేముంది, వ్యాసం మూలకు పోయింది.

"టీచర్, నేను నక్కనట!"

"అడివిపంది లేదా టీచర్? మా మక్కచేన్లకు రోజు వస్తది!"

వాళ్లను కూర్చోబెట్టేసరికి వ్యాసాల మధ్యలో ఎవరో "మక్కలు అమ్మిన్రా మామా" అని రాశారు. దాని కింద ఇంకెవరో "ఇంక ఆరలే అల్లుడా" అని జవాబిచ్చారు. నాకు ఒళ్లు మండింది. "ఇది పదో తరగతి, మీ చావడి కాదు" అని పెద్ద అక్షరాలతో కొట్టాను. ఇద్దరూ నమస్తే టీచర్ అని దండం బొమ్మలు పెట్టి పోయారు. ఒక్కరు మాత్రం కదల్లేదు. అజ్ఞాత ఒంటె.

"ఒంటె అంటె దుబాయ్ నుంచే టీచర్!" అని తరగతి మొత్తం తీర్మానించింది.

ఆ పేర్లు యంత్రం ఇష్టం వచ్చినట్టు పెడుతుందనీ, ఊరికీ దేశానికీ సంబంధం లేదనీ చెప్పాను. "మరి దుబాయ్ల నక్కలుంటయా టీచర్?" అన్నాడొకడు. నోరు మూసుకోమన్నాను.

మూల బెంచీలో ఒక పిల్ల ఉండేది. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది, తండ్రి దుబాయ్‌లో మేస్త్రీ. పిల్ల లెక్కల్లో దిట్ట. కామారెడ్డిలో హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదవాలని దాని ఆశ. తల్లిని అడిగితే "మీ నాయిననడుగు" అంది. ఆ నాయినను అడగడానికే దానికి నోరు పెగలదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన "తిన్నవా బిడ్డ" అంటాడు, ఇది "తిన్న నాయినా" అంటుంది, అంతే, మాటలైపోతాయి. దరఖాస్తుల రోజులు ముంచుకొస్తున్నాయి. అడగవే తల్లీ అని నేను బతిమాలీ, తిట్టీ విసిగిపోయాను.

ఆ రోజు తల్లి ఫోనులో ఆ పిల్ల తన పేరు కింద ఇలా రాసింది: "నాకు కామారెడ్డిల పాలిటెక్నిక్ సదవాలని ఉన్నది. నాయిననడగాలంటె భయమైతది. వద్దంటె మల్ల అడగలేను."

ఒంటె గుర్తు నెమ్మదిగా ఆ వాక్యం కిందికి వచ్చి ఆగింది. ఏదో రాసింది, చెరిపింది. మళ్లీ రాసింది, చెరిపింది. చివరకు తెర మీద నిలిచింది ఇది: "మీ అమ్మ పంపితే చూసిన. కామారెడ్డి పోరాదు బిడ్డ."

పిల్ల ఫోను బెంచీ మీద పెట్టి చున్నీలో మొహం దాచుకుంది.

ఆ వారమే నిషేధార్థకం చెప్పి ఉన్నాను. చేయరాదు, పోరాదు, ఇక్కడ చెత్త వేయరాదు అని బోర్డు మీద ఇంకా అలాగే ఉంది. ఆడపిల్ల అనేనా ఈ అడ్డు అని రక్తం మరిగిపోయి, "ఎందుకు పోరాదు?" అని కొట్టాను.

"నేను గూడ గదే అంటున్న గద టీచర్. పోరాదు అని" అని జవాబొచ్చింది.

మళ్లీ అదే మాట! ఏం మనిషి! "ఒక్క కారణం చెప్పండి" అన్నాను.

"సదువుకునేందుకు" అంది ఒంటె.

నాకేమీ అర్థం కాలేదు. ముందు బెంచీ పిల్ల మెల్లగా లేచింది. "టీచర్, మధ్యాహ్నం అన్నం కాడ మీరు మమ్ముల ఇంకింత తినరాదుర అంటరు గద. గట్ల. పొమ్మనే అంటుండు."

హారి దేవుడా! నేను పుట్టింది కామారెడ్డిలోనే. పొద్దున లేస్తే ఇంటికొచ్చిన వాళ్లను కూసోరాదు, చాయ్ తాగరాదు అని బతిమాలేదాన్నే. ఆ మాటే బడి పత్రంలో అక్షరాలై కనిపించేసరికి గోడ మీద హెచ్చరిక లాగా చదివాను. ఏడుస్తున్న పిల్లా అలాగే చదివింది. చదువు చెప్పింది నేనే కదా మరి.

"లేవవే" అన్నాను. "మీ నాయిన అన్నట్టు పైకి చదువు."

మొదట పాఠం అప్పజెప్పినట్టు చదివింది. అట్ల కాదన్నాను. ముక్కు తుడుచుకుని, చివర సాగదీసి, "కామారెడ్డి పోరాదు బిడ్డా" అంది. అంటూనే నవ్వేసింది. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను, కొంగు అడ్డం పెట్టుకుని.

ఇక జవాబు నువ్వే రాయమన్నాను. "సరె నాయినా. పోత" అని రాసింది.

ఒంటె వెళ్లలేదు. దాని గుర్తు వచ్చి ఆ పిల్ల వాక్యంలో నిలబడింది. "పోత" అన్న మాటను ఒక్కొక్క అక్షరమే చెరపడం మొదలుపెట్టింది.

"అయ్యో, మల్ల వద్దంటుండా ఏంది!" అన్నారు పిల్లలు.

చెరిపిన చోట కొత్త అక్షరాలు పడ్డాయి. "పోయొస్త."

పైకి చదవమన్నాను. ఆ పిల్ల తెర వైపు తిరిగి, "పోయొస్త నాయినా" అని చదివింది. నేను బోర్డు దగ్గరికి వెళ్లి డస్టరు అందుకున్నాను. పోరాదు అన్న మాట ఒక్కటి చెరిపేశాను.