పాడైన ఫ్లాపీ, పెండ్లికూతురి జవాబు

మా చిన్నప్పుడు... మరీ చిన్నప్పుడేం కాదు, ప్లస్ టూ చదివే రోజుల్లో... కంప్యూటర్ ముందు నేను, నా వెనక నులకమంచం మీద అవ్వ. ఆమె పాడేది, నేను టైపు చేసేదాన్ని.

"ఉండవ్వా, ఇంకోతూరి పాడు" అంటే, "నీ పెట్టెకు చెవుడా ఏమి పాపా?" అనేది. మళ్లీ పాడేది.

అవన్నీ పెండ్లి పాటలు. తమిళనాడులో, కోవిల్‌పట్టి నుంచి కడంబూరు పోయే దారిలో మా ఊరు. మా ఇండ్లలో తెలుగు మాట్లాడటానికే గానీ చదవటానికి కాదు. బళ్లో తమిళం, బజార్లో తమిళం. అందుకే అవ్వ తెలుగు పాటల్ని తమిళ అక్షరాల్లో కొట్టేదాన్ని. ఇప్పుడీ పోస్టు రాస్తున్న తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి...

వాటిల్లో ఒక పాటంటే నాకూ అక్కకూ ప్రాణం. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పాడేది. తల్లి బుద్ధులు చెబుతుంది... తల వంచుకుని ఉండు, ఎదురు మాట్లాడొద్దు అని. మామూలే కదా. కానీ మా అవ్వ పాటలో చివరి రెండు చరణాలు పెండ్లికూతురివి. అందరి ముందూ తల్లికే జవాబు చెబుతుంది! ఆ చరణాలు అవ్వ ఒక్కతే పాడేది, మిగతా ఆడవాళ్లు పల్లవి అందుకునేవాళ్లు.

"నా పెండ్లిలో ఆ జవాబు పాడకపోతే నేను బండెక్కను" అనేది అక్క. ఉత్తినే అనేది కాదు.

మా అమ్మ మినుము విత్తనాలు ఎప్పుడూ ఒకే కుండలో పెట్టదు. కొన్ని మా ఇంట్లో, కొన్ని పెద్దమ్మ ఇంట్లో. అది చూసిన అలవాటేనేమో, టైపు చేసినవన్నీ నేనూ ఫ్లాపీల్లోకి ఎక్కించి బీరువాలో పెట్టేదాన్ని. "ఉన్నదానికి మళ్లీ నకలెందుకు?" అని చిన్నాయన ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు వానల్లో అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇక పాటలున్నది కంప్యూటర్లో, ఆ ఫ్లాపీల్లోనే. అక్క పెండ్లి కుదిరింది... సరిగ్గా అప్పుడే హార్డ్ డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయింది. తెరంతా నలుపు.

సీపీయూను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నాయనతో విరుదునగర్ బస్సెక్కాను. మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ బజారంతా దాటి, రిపేరు కొట్టు వెతుక్కున్నాం. అక్కడి అన్న మూత విప్పి చూసి, "డిస్క్ పోచ్చు మా" అన్నాడు. పోయిందమ్మా అని. "కొత్తది వేస్తా. పాతదాంట్లోవి మర్చిపో."

"మర్చిపోను" అన్నాను.

"పోనీలే పాపా, వాళ్లకు తెలీదా" అన్నాడు నాయన. ఒళ్లు మండిపోయింది. కొత్త డిస్క్ వేయించుకుని, పాతదాన్ని కూడా సంచిలో వేసుకుని వచ్చాను.

ఇంట్లో ఫ్లాపీలు ఒక్కొక్కటే పెట్టి తెరిస్తే... అన్నీ పిచ్చి గుర్తులు! చిన్నాయన పడీపడీ నవ్వాడు. "ఇదేం పాటే! కోడి కెలికినట్లుండాది!"

కాసేపటికి నాకు వెలిగింది... కొత్త డిస్క్‌లో మా తమిళ ఫాంట్ లేదు. కోవిల్‌పట్టిలో నేను టైపు నేర్చుకున్న సెంటర్‌కు పరుగెత్తి ఆ ఫాంట్ తెచ్చి వేశాను. పిచ్చి గుర్తులన్నీ అక్షరాలయ్యాయి. నలుగు పాట, తలంబ్రాల పాట, వియ్యపురాలిని దెప్పే పాట... ఏడ్చేశాను.

ఆఖరి ఫ్లాపీ మాత్రం కర్ కర్‌మంది. తెరుచుకోలేదు. ఇంట్లో, సెంటర్‌లో, బళ్లో, మళ్లీ విరుదునగర్‌లో... ఎక్కడ పెట్టినా అదే చప్పుడు. తల్లి బుద్ధులు అందరికీ నోటికొచ్చు, పెండ్లికూతురి జవాబు మాత్రం అందులోనే ఉంది.

నువ్వే కదా టైపు చేశావు, గుర్తులేదా అంటారు. భావం గుర్తుంది... తల వంచమన్నావు సరే, ఎవరికి వంచాలో, ఎందుకు వంచాలో చెప్పలేదేమమ్మా అని అడుగుతుంది. అవ్వ మాటలు మాత్రం గుర్తులేవు.

అవ్వ మంచం పక్కన కూచుని తల్లి బుద్ధులు పాడాను. జవాబు దగ్గర ఆగిపోయాను. అవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. ఎడం చేత్తో మంచం పట్టె మీద తాళం వేసింది... రెండు చరణాలూ అయ్యేదాకా, ఎక్కడా తప్పకుండా.

"జవాబు పోతే పోయె, మంచిదే. బుద్ధులతో ముగిస్తే మర్యాదగా ఉండాది" అన్నాడు చిన్నాయన. "కావాలంటే నువ్వే రెండు చరణాలు కట్టి అతికించు."

"అవ్వ పాడనిదాన్ని అవ్వ పాటంటూ పాడను చిన్నాయనా" అన్నాను. "నీ మర్యాద కోసం బుద్ధులతో ఆపను కూడా ఆపను."

అక్కను పంపే వేళ మైకు సెట్టు వాడు సినిమా పాట పెట్టబోతే ఆపించాం. బుద్ధులు పాడాం. జవాబు దగ్గరికి రాగానే గొంతులు ఆపి, ఒట్టి చప్పట్లతో తాళం వేశాం. అవ్వ ఎడం చెయ్యి కూడా కుర్చీ మీద కొడుతూనే ఉంది. మగవాళ్లు మొహాలు చూసుకున్నారు. అక్క తలెత్తుకుని నిలబడి ఆ రెండు చరణాల తాళమూ విని... అప్పుడు బండెక్కింది.

ఇప్పుడు అన్నిటినీ ఫోనే దాచేస్తుంది... మనం అడగక్కర్లేదు, ఫ్లాపీ వెతకక్కర్లేదు. ముందు నిలబడి పాడే అవ్వలే కరువయ్యారు. మా పెండ్లిళ్లలో మేమింకా ఆ చోట ఆగి చప్పట్లు కొడుతున్నాం. "ఎందుకు ఆపేశారు?" అని పిల్లలు అడిగితే, "ఆపలేదు... ఇక్కడ పెండ్లికూతురు మాట్లాడుతుంది" అని చెబుతాం.

మీ ఇండ్లలో ఏ అవ్వయినా, అమ్మమ్మయినా ఇలాంటి జవాబు పాడి ఉంటే కింద రాయండి. విన్నదే రాయండి, కొత్తగా అల్లి పంపొద్దు. దొరక్కపోతే పోనీ... ఆ చోటు మాత్రం ఎవరి బుద్ధులతోనూ నింపనివ్వం.