దీవెన పాట మీద ప్రార్థన

ములకలపల్లి దగ్గరి ఒక చర్చిలో ఎబినేజర్ ఇరవై ఆరేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాడు. వాయిస్తున్నాడంటే గొప్పగా ఊహించుకోకండి. పాస్టరు అయ్యగారు ప్రార్థన ఎత్తుకోగానే వెనక నుంచి మెల్లగా, ఎవరి చెవినీ నొప్పించకుండా రెండు మూడు స్వరాలు నొక్కుతుండాలి. అయ్యగారి గొంతు లేస్తే ఇదీ లేవాలి, ఆయన ఏడిస్తే ఇదీ ఏడవాలి. ఆ సంఘంలో దీన్నే సంగీతం అంటారు.

నిజానికి అతను కుర్రతనంలో సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో ఒక ముసలాయన దగ్గర నాలుగేళ్లు జాజ్ పియానో నేర్చుకున్న మనిషి. పాటను విప్పి, అప్పటికప్పుడు కొత్తదారి పట్టించి, మళ్లీ ఇల్లు చేర్చే విద్య అది. ఒకసారి చర్చిలో ఆ విద్య చూపిస్తే పెద్దలు పక్కకు పిలిచి, "బ్రదర్, గిట్ల సైతాను రాగాలు వాయించొద్దు" అన్నారు. వాళ్లలో ఒక్కరికీ సరిగమలు రావు. సైతాను రాగాలు మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

యాభై నిండిన ఏడు, పాటగాడు లేకుండా, మాట లేకుండా, ఒక్కడే కూర్చుని తన బతుకంతా పియానో మీద వాయించి, జనం ముందే ఆల్బంగా రికార్డు చేయాలని పట్టుబట్టాడు. జూలూరుపాడు మిర్చి కల్లాల్లో అమ్మ విశ్రాంతమ్మ దగ్గు ఒక పాట. సికింద్రాబాద్ రోజులు ఒకటి. పెళ్లి ఒకటి. ఆఖరిది దీవెన. గోదావరి పొంగి బస్సులు ఆగిపోయిన వారంలో, జ్వరంతో దవాఖానా చేరకుండానే పోయిన తొమ్మిదేళ్ల కూతురు. మిగతావి ఎట్లా పోయినా ఆ పాట నిలవాలి, అదే అతని ఆశ.

చర్చి వాళ్ల హాస్టల్ హాల్లో మూలన పడున్న పియానోను నెలరోజులు తానే బాగుచేసుకున్నాడు. శనివారం సాయంత్రం రెండు వందల మంది వచ్చారు, బిర్యానీ ఉందని ఎవరో పుకారు పుట్టించారు కాబట్టి. మొదటి మూడు పాటలూ ఫోన్లు చూసుకుంటూ గడిపారు. "పాడేటోళ్లు ఎప్పుడొస్తరు?" అని ఒక పెద్దమనిషి రికార్డులో శుభ్రంగా వినపడేటట్టు అడిగాడు.

దీవెన పాట మొదలైంది. నెమ్మదైన పాట. అదే కొంప ముంచింది. పియానో మెల్లగా వినపడిందంటే ప్రార్థనేనని ఆ జనానికి ఒంటికి పట్టిన అలవాటు. ఆడవాళ్లు కొంగు నెత్తిన కప్పుకున్నారు, మగవాళ్లు కళ్లు మూశారు, షాలేమ్‌రాజు అయ్యగారు లేచి మైకు అందుకున్నారు. మిర్చి రేటు గురించి, హాలు ముందు షామియానా వేయించిన చెంచురామయ్య గారి మోకాళ్ల గురించి, తాను కొనబోయే కారు గురించి పదకొండు నిమిషాలు దేవుడికి వివరించారు. దీవెన పేరు ఒక్కసారీ రాలేదు. ఆమెన్ అన్నాక ఎబినేజర్ భుజం తట్టి, "మంచి బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చినవ్ బ్రదర్" అన్నారు.

సోమవారం ఇంట్లో భార్య తబితాతో కలిసి రికార్డు విన్నాడు. వింటున్నంతసేపూ అయ్యగారిని తిడుతూనే ఉన్నాడు. తబితా చేయెత్తి ఆపి, ప్రార్థనకు ముందు ముక్క మళ్లీ వేయించుకుంది.

"ఆయన నోరు తెరవకముందే నువ్వే తగ్గించినవ్ గదయ్యా," అంది. "ఆయన లేసుడు చూసినవ్, బిడ్డ పాట ఇడిసిపెట్టినవ్."

అబద్ధమని నిరూపించడానికి నాలుగుసార్లు వేశాడు. నిజమే. మైకు గరగరమనకముందే కుడిచేయి పాటను వదిలేసింది, ఎడమచేయి పాత ప్రార్థన స్వరాల్లోకి దిగిపోయింది. ఎవరూ లాక్కోలేదు. తనే పళ్లెంలో పెట్టి అప్పగించాడు. సిగ్గుతో తబితా మొహం చూడలేకపోయాడు.

మరుసటి ఆదివారం అయ్యగారు ప్రార్థనకు లేచి, వాయించమని వేళ్లు ఆడించారు. ఎబినేజర్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"కరెంటు పోయిందా బ్రదర్?"

"ఉంది అయ్యగారు. మీరు కానియ్యండి, వింటున్న."

ఆయన కానిచ్చారు. నాలుగు మాటలకోసారి తడుముకుంటూ, అన్నదే అంటూ, రెండు నిమిషాల్లో ఆమెన్‌కు చేరారు. ఆ ప్రార్థనను సంఘం సంగీతం లేకుండా వినడం అదే మొదటిసారి. అందులో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానికి ఇరవై ఆరేళ్లు సొగసులు దిద్దింది తన చేతులేనని ఎబినేజర్‌కు అప్పుడు తెలిసింది.