కథ కింద పేరు

"…పెళ్ళి కార్డులు వేసే షాపు ఇది! మన అడ్రసుతో ఇలాంటిది బయటికి పోతే రేపు ముహూర్తాల వాళ్ళు ఈ మెట్లెక్కుతారా, నువ్వే చెప్పు?"

"ఎక్కుతారు. వాళ్ళు ప్రహ్లాద్ కోసం ఎక్కుతున్నారు, మీ అడ్రసు కోసం కాదు."

"అంటే ఇక్కడ నేనెవర్నే?"

"కరెంటు బిల్లు కట్టేవారు."

ప్రహ్లాద్ మెట్ల మలుపులో ఆగిపోయాడు. తన పేరు వినబడింది సరే, తగాదా దేని మీదో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నిన్న సాయంత్రం షాపు కట్టేసే ముందు తన కథ ప్రింటు తీసుకున్నాడు. ఇంటికెళ్ళి చూస్తే సంచిలో లేదు. ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది. షాపులో కంప్యూటరు పెట్టిన ఏడేళ్ళుగా, ప్రింటరులోంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ తీసి ప్రూఫుల ట్రేలో పెట్టడం అతని చేతికి అలవాటు. నిన్న కూడా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో ఆ షాపు. కింద టైపు ఇన్‌స్టిట్యూటు, పైన డీటీపీ. రెండూ సూర్యప్రకాశరావువే. ఆయన భార్య హైమవతి నారాయణగూడలో ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలిగా చేసి రిటైరైంది. షాపులో ప్రూఫులు ఆవిడ చూస్తుంది. తప్పులు ఎర్ర ఇంకుతో దిద్ది, చివరి పేజీ కింద 'చూశాను – హై.' అని రాస్తుంది. ఆ మాట లేకుండా అక్కడినుంచి శుభలేఖైనా సరే, గ్రూప్ టూ గైడైనా సరే, కదలదు.

ప్రహ్లాద్ తొమ్మిదో ఏట తల్లి ఆశమ్మ వెంట మక్తల్ దగ్గరి పల్లెనుంచి పట్నం వచ్చాడు. ఆశమ్మ తట్ట మోసింది. అతను పొద్దున బడికి, సాయంత్రం తల్లి పనిచేసే మేడ దగ్గరికి పోయేవాడు. టెన్తయ్యాక కొన్నాళ్ళు అతనూ పార పట్టాడు. ఇరవై రెండేళ్ళప్పుడు ఈ ఇన్‌స్టిట్యూటులో తెలుగు టైపు నేర్చుకుని, హయ్యరు పాసై, అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు ముప్ఫై మూడు. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సు సగం అతని వేళ్ళ మీదుగా పోయిందే. హైమవతి ఎర్ర ఇంకు సీసా సంవత్సరానికి ఒకటి చాలుతోందంటే కారణం ప్రహ్లాదేనని సూర్యప్రకాశరావు కొత్తగా వచ్చినవాళ్ళతో గొప్పగా చెబుతాడు.

కథలు రాసేవాళ్ళు కూడా అక్కడికి వచ్చేవారు. వారపత్రికకు కథ పంపాలంటే వెంట హామీపత్రం ఉండాలి. ఈ కథ నా సొంతమనీ, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ కింద సంతకం చేయాలి. తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు జతచేయాలి. ఆ హామీపత్రం ప్రహ్లాద్ చూడకుండా కొట్టగలడు. వందలమందికి కొట్టాడు. తనకోసం మొదటిసారి కొట్టుకున్నది తొంభై ఏడులో.

ఆ కథ పేరు 'నీళ్ళ మడులు'. ఇద్దరు కుర్రవాళ్ళు. కొత్తగా పోసిన స్లాబు పగలకుండా దాని మీద మట్టి గట్లు కట్టి, మడుల్లో నీళ్ళు నిలబెడుతూ, ఇరవై ఒక్క రోజులు కట్టడానికి కాపలా ఉంటారు. తలుపుల్లేని ఆ మేడ పైగదిలో ఒకరినొకరు ప్రేమించుకుంటారు. చెప్పేవాడు 'నేను'. రెండోవాడు ఎల్లయ్య. నిజంగా అతని పేరు రాము. సెంట్రింగు పని చేసేవాడు. తర్వాత ఊళ్ళో పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. భార్య మీద కూడా ప్రేమే. ఆ మాట దాచుకోడు. మూణ్ణెల్లకోసారి పట్నం వస్తే ప్రహ్లాద్ ఇంట్లోనే భోజనం. కథ అతనికి చదివి వినిపించాడు. రాము గడ్డం గోక్కుని, "నా పేరు రానియ్యకు. నీది నీ ఇష్టం" అన్నాడు.

వారపత్రికనుంచి కథ తిరిగొచ్చింది. వెంట ఎడిటరు చేతిరాతతో చిన్న చీటీ: కథనం బాగుంది, రెండో పాత్రను స్త్రీగా మార్చి పంపితే పరిశీలిస్తాం. ప్రహ్లాద్ రెండు ఆదివారాలు కూర్చుని మార్చి చూశాడు. కూలికొచ్చిన పిల్లను మగవాడితో పాటు మేడ మీద కాపలాకి ఏ మేస్త్రీ పెడతాడు? పెట్టాడనుకుంటే ఆమెకో తండ్రి రావాలి, తండ్రి వస్తే గొడవ రావాలి, గొడవొస్తే మడులెవరు చూస్తారు? నాలుగో పేజీకి స్లాబూ లేదు, నీళ్ళూ లేవు. ఆ కాగితాలు చింపేసి మొదటి ప్రతిని ఇస్త్రీ బట్టల కింద పెట్టుకున్నాడు.

తొంభై తొమ్మిది జూన్‌లో నారాయణగూడలో ఇంటర్నెట్ సెంటరు నడిపే సుహాసిని విజిటింగ్ కార్డుల కోసం షాపుకొచ్చింది. ఎక్కడో దూరదేశాల్లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళు నెట్‌లో పత్రిక పెట్టారనీ, కథ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపితే వాళ్ళ దగ్గర అది తెలుగై తెర మీద కనబడుతుందనీ చెప్పింది. ఏ తెలుగక్షరానికి ఏ ఇంగ్లీషక్షరం కొట్టాలో చూపే పట్టిక ప్రింటు ప్రహ్లాద్ తెచ్చుకున్నాడు. హ్రస్వానికి చిన్నక్షరం, దీర్ఘానికి పెద్దక్షరం. హయ్యరు పాసైన వేళ్ళు మొదటి రోజు ఒక పేజీ కూడా దాటలేదు. పన్నెండు రోజుల్లో కథ పూర్తిచేసి, ఫ్లాపీ జేబులో పెట్టుకుని సుహాసిని సెంటరుకు నడిచివెళ్ళాడు. చివర హామీపత్రం కూడా ఉంది. బస్తీ ఇంటికి పోస్టు సరిగ్గా రాదు కాబట్టి ఎప్పటిలాగే షాపు చిరునామా ఇచ్చాడు.

"తిరుగు టపా స్టాంపులు ఎట్ల పంపాలె?" అని అడిగాడు.

సుహాసిని అతని మొహం చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. "తెర మీద అంటించండి ప్రహ్లాద్ గారూ, వాళ్ళు అటునుంచి పీక్కుంటారు" అంది.

మూడు వారాలకు సుహాసిని సెంటరుకే జవాబొచ్చింది. కథ వచ్చే సంచికలో వేస్తున్నారు. ఒక్క వాక్యం మార్చడం లేదు. హామీపత్రం చూసి ఎన్నాళ్ళయిందో, ఇంటికి వచ్చినట్టుంది అని రాశారు. కథ కింద రచయిత పేరు, చిరునామా వేయడం తమ పద్ధతి అన్నారు. అయితే ఇది 'నేను' అని చెప్పిన కథ కాబట్టి, కలంపేరు కోరుకుంటే అభ్యంతరం లేదన్నారు. ఏ పేరు వేయాలో శుక్రవారంలోగా చెప్పాలి.

కథ ప్రింటుతో కలిపి పెట్టుకున్న ఆ జవాబు కాగితమూ ట్రేలోనే ఉంది. ఇవాళ గురువారం.

అతను మిగిలిన మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు.

"రావయ్యా, నీ గురించే" అన్నాడు సూర్యప్రకాశరావు.

"విన్న సార్."

"ఎంతవరకు?"

"కరెంటు బిల్లు దాంక."

హైమవతి నవ్వాపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆయన నవ్వలేదు.

"చూడు, నువ్వెవరితో ఎలా ఉన్నావో నేనడగను. రాసుకున్నావు, బాగుంది. పంపావు, తీసుకున్నారు, అదీ బాగుంది. ఇంకో పేరు పెట్టుకో, అంతే. పేరు తెలిస్తే నలుగురూ నానా మాటలూ అంటారు. చట్టం కూడా నీ వైపు లేదు. మంచి పేర్లు నేను చెప్తాను. 'కిరణ్మయి' అని పెట్టు, ఎంత హాయిగా ఉంది!"

"ఆడపేరా?" అంది హైమవతి. "అలవాటు పోలేదన్నమాట."

"ఆ సంగతి ఇప్పుడెందుకే?"

"ఇప్పుడే కావాలి. ప్రహ్లాదూ, డెబ్బై రెండులో ఈయన నా పేరుతో మూడు కథలు వేయించుకున్నారు. ఆడపేరుంటే ఎడిటర్లు ముందు చదువుతారని. ఒకదానికి బహుమతి వచ్చింది. శాలువా నాకు కప్పారు. ఈయన మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు."

"గట్టిగా కొట్టాను" అన్నాడు సూర్యప్రకాశరావు.

"కొట్టారు. మొన్న పాత విద్యార్థిని ఒకామె కనబడి, మేడం, మీ కథ ఇంకా మరిచిపోలేదండీ అంది. ఇంటికొచ్చి చెప్పాను. ఆ పూట ఈయన అన్నం సగంలో లేచిపోయారు."

కింద ఇన్‌స్టిట్యూటులో ఎవరో కొత్తగా చేరినవాళ్ళు ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నారు. హైమవతి ట్రేలోంచి కాగితాలు తీసి ప్రహ్లాద్ చేతికిచ్చింది. పదకొండు పేజీలు. ఎర్ర ఇంకు రెండుచోట్లే ఉంది. మేడ పైగది ఉన్న పేజీలు తెల్లగా ఉన్నాయి. చివరి పేజీ కింద, గైడ్ల కిందా శుభలేఖల కిందా ఉండే ఆ మాటే ఉంది: చూశాను – హై.

వేలసార్లు చూసిన అక్షరాలే. అతను కాగితం వెలుతురుకి తిప్పి ఇంకోసారి చూసుకున్నాడు.

"పేరు నీ ఇష్టం" అన్నాడు సూర్యప్రకాశరావు, కుర్చీ వెనక్కి జరుపుకుని. "షాపు అడ్రసు మాత్రం వద్దు. అది నా మాట."

"షాపు మీది సార్. తీసేస్త."

షాపు చిరునామా లేకపోతే ఇక ఉన్నది ఇంటి చిరునామా ఒక్కటే. అక్కడ అతనొక్కడే ఉండడు. ఆ రోజు అతను కొట్టిన శుభలేఖలో వరుడి తాతగారి పేరు రెండుసార్లు పడింది. హైమవతి ఏమీ అనకుండా దిద్దింది.

పొద్దు గూకకముందే ఇంటికి వెళ్ళాడు. అశోక్ నగర్ వెనక నాలా పక్క బస్తీలో ఒక గది, ముందు రేకుల పంచ. ఆశమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అవ్వా, ఒక కథ సదువుత. ఇంటవా?"

"నా శెవులు ఖాళీగనే ఉన్నయ్. సదువు."

అతను చదివాడు. మేడ పైగది వచ్చినచోట గొంతు తగ్గింది కానీ ఆపలేదు. ఆశమ్మ చేతులూ ఆగలేదు. ఒకచోట మాత్రం అడ్డుతగిలింది.

"అదేంది? నీళ్ళు పొద్దుగాల్నే పట్టాలె. ఎండెక్కినంక పడితే స్లాబు పగుల్తది. నువ్వు పది గొట్టంగ పట్టిస్తున్నవ్."

"ఆ దినం వాళ్ళు లేటుగ లేసిండ్రు."

"లేస్తరు, లేస్తరు" అంది ఆమె, కాయ ఈనె పీకుతూ.

కథ అయిపోయింది. ఆశమ్మ చేట పక్కన పెట్టింది.

"గీ ఎల్లయ్య మన రాముగాడే గద?"

"పేరు మార్చిన."

"పేరు మారిస్తె నడక మార్తదా? గా ఎడమకాలు ఈడ్చుడు అట్లనే రాసినవ్." ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "గదంత సరే గని, వానికి జరమొస్తే మూడు దినాలు గంజి కాసి, నిచ్చెనెక్కి పైకి మోసింది ఎవరు? అడుగడుగునా స్లాబు రాసినవ్, మడులు రాసినవ్, ఇటుకలు గూడ రాసినవ్. నేను యాడున్న కథల?"

"నీకప్పుడే ఎర్కనా అవ్వా?"

"ఇద్దరికి ఒక్కటే గిన్నెల పోసిచ్చిన గద."

పంచ రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడైంది. అతను ఆమె పక్కన కూర్చున్నాడు. కథ కింద తన పేరు పడుతుందనీ, ఈ ఇంటి నంబరు కూడా పడుతుందనీ చెప్పాడు. ఇప్పుడు నెట్ చూసేవాళ్ళు తక్కువే అయినా రేపు ఇక్కడ కూడా చూస్తారనీ, బస్తీలో తెలిస్తే తననొక్కణ్ణే అనరు, ఆమెనూ అంటారనీ చెప్పాడు. వద్దంటే వేరే పేరు పెట్టుకోవచ్చనీ చెప్పాడు.

ఆశమ్మ సందు చివరకి చూసింది. నాలా అవతల నాలుగంతస్తుల మేడలు వరసగా ఉన్నాయి. వాటిలో రెండిటికి ఆమె తట్ట మోసింది.

"ఇరవై ఏండ్లు మోసిన" అంది. "ఒక్కదాని మీదన్న నా పేరు రాసిండ్రా? ఓనరు పేరు రాసుకున్నడు. వాని పెండ్లాం పేరు రాసుకున్నడు. కుక్క ఉన్నదని గూడ బోర్డు గట్టిండు." చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "గంజి సంగతి రాయి ముందు."

అతను ఆ పూటే రాశాడు. ఆరు వాక్యాలు: నిచ్చెన, సత్తు గిన్నె, పైకి వచ్చిన ఆడమనిషి ఇద్దరికీ కలిపి పోసిన గంజి, ఏమీ అడగకుండా ఆమె తిరిగి దిగడం. పన్నెండు రోజులు కొట్టి, రెండేళ్ళు దాచి, ఎడిటరు చెప్పినా మార్చని కథలో అతను చేసిన మార్పు ఇదొక్కటే. చదివి చూసుకుంటే, ఇంతకాలం అది లేకుండా కథ ఎలా నిలబడిందో అతనికే ఆశ్చర్యంగా ఉంది.

శుక్రవారం పొద్దున ఆ పేజీ ప్రింటు తీసి, ఈసారి చూసుకునే, ప్రూఫుల ట్రేలో పెట్టాడు. హైమవతి చదివింది. ఎర్ర కలం మూత తీయనైతే తీసింది, దిద్దడానికేమీ లేక కింద సంతకానికే వాడింది.

సూర్యప్రకాశరావు పేపరు వెనకనుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి పేపరు మడిచి, గొంతు సవరించుకున్నాడు.

"ఏం పేరు పెట్టుకున్నావయ్యా?"

"నా పేరే సార్, ఇంటిపేరుతో సహా. అడ్రసు మా ఇంటిది. ఇయ్యాల అయిదింటికి నారాయణగూడ పోయి పంపుత."