చంపారనే అనండి

మా టీచరమ్మ పోయిన ఆదివారం చనిపోయింది. కబురు చెప్పింది మా అమ్మ. ఫోన్లో ముందు ఏడుపు వినపడింది, తర్వాత మాట. "మీ టీచరమ్మ పోయిందే. పొద్దున కాఫీ తాగి, కూచున్న కుర్చీలోనే పోయింది." మా అమ్మ ఆవిడ కోసం ఏడవడం మా ఊరి పాతవాళ్ళకి ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఎందుకో చెబుతాను.

గురజాల దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ సోషల్ చెప్పేది. ఆవిడ భర్త మా ఊరి సర్పంచ్. మిరప కల్లం దగ్గర ఆయన్ని నరికి చంపారు. కేసులో మొదటి పేరు మా నాన్నది. పరామర్శకొచ్చినవాళ్ళు "సర్పంచ్‌ని లేపేశారు" అంటుంటే ఆ ఏడుపులోనే ఆవిడ తలెత్తి, "లేపేది నిద్రపోయేవాణ్ణి. ఆయన్ని చంపారు. చంపారనే అనండి" అందట.

బదిలీ పెట్టుకుని వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. కర్మలు అయ్యాక బడికొచ్చి ఎనిమిదో తరగతి హాజరు తీసుకుంది. నా పేరు కూడా మిగతా పేర్ల మాదిరే పిలిచింది.

రాజుల పాఠం చెప్పేటప్పుడు ఆవిడకో అలవాటు ఉండేది. ఎవరైనా పాఠం చదువుతుంటే చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుతూ వినేది, చావు దగ్గరికి రాగానే ఆపేది. ఒకరోజు నన్ను చదవమంది. "అన్న మరణానంతరం తమ్ముడు రాజ్యమునకు వచ్చెను" అని చదివాను.

"అన్న ఎట్టా పోయాడు? జ్వరమొచ్చా? తమ్ముడే చంపి గద్దె ఎక్కాడు. పుస్తకం ఆ మాట మింగేసింది" అంది. తర్వాత బోర్డు మీద 'వధ' అనీ 'హత్య' అనీ రాసింది. "గెలిచినోడు చేస్తే ఇది, ఓడినోడు చేస్తే అది. చచ్చినోడికి రెండూ ఒకటే."

క్లాసంతా నా వైపు తిరిగింది. నాకు పుస్తకంలో అక్షరాలు కనపడలేదు.

"అటేంది చూపులు?" అంది టీచరమ్మ. "ఈ పిల్ల ఎవర్నీ చంపలేదు. చదువమ్మా, తర్వాత వాక్యం."

కేసు నడుస్తుండగానే మా నాన్ననీ చంపారు, మాచర్ల బస్సు దిగి ఇంటికొస్తుంటే. సర్పంచ్ తమ్ముడు, అంటే టీచరమ్మ మరిది, చేసిన పని అది. వాళ్ళ బజారులో టపాకాయలు కాల్చారు. మర్నాడు టీచరమ్మ ఒక్కతే మా ఇంటికొచ్చింది. గడపలో అమ్మ అడ్డం నిలబడింది.

"ఏం చూసిపోదామని వచ్చావు?"

"మా వాళ్ళే చంపారు. ఆ మాట నా నోటితో చెప్పాలని వచ్చా. కోర్టులో కూడా చెబుతా."

అమ్మ నమ్మలేదు. కూచోమని కూడా అనలేదు. ఆవిడ వాకిట్లోంచే వెళ్ళిపోయింది.

అన్నట్టే చెప్పింది. "మా మరిది ఇంటికొచ్చి 'వదినా, అన్న పగ తీర్చాం' అన్నాడు. 'పగ కాదు, మనిషిని చంపావు' అన్నాను" అంటూ నరసరావుపేట కోర్టులో ఆవిడ చెబుతుంటే నేను అమ్మ పక్కన కూచుని విన్నాను. మరిదికి యావజ్జీవం పడింది. బయటికొచ్చాక మా బాబాయి, "ఉరి పడాల్సింది నా కొడుక్కి" అని పళ్ళు కొరికాడు. పక్కనే ఉన్న టీచరమ్మ, "ఉరి తీస్తే మాత్రం చంపడం కాదా ఏంది? తాడు సర్కారుదైతే పేరు మారుద్దా?" అంది. ఆ రోజు అమ్మ మొదటిసారి ఆవిణ్ణి "అక్కా" అని పిలిచి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

అత్తింటివాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. గురజాలలో అద్దెకు గది తీసుకుని, అక్కణ్ణించే బస్సులో బడికొచ్చేది. పదో తరగతి అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆ గదికి వెళ్ళి, ఇంట్లో ఎవరినీ అడగలేని మాట అడిగాను. "టీచర్, మీ ఆయన్ని మా నాన్నే చంపాడా?"

ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేతులు ఆపింది. "చంపాడమ్మా. నిన్ను భుజాన మోసి తిరనాళ్ళు చూపించిందీ ఆయనే. రెండూ నిజమే. ఒకదాని కోసం ఇంకోటి దాచబాకు." ఆ తర్వాత నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు నేను నరసరావుపేటలో సోషల్ చెబుతున్నాను. మా నాన్న చంపాడు, మా నాన్నని చంపారు. ఈ రెండు వాక్యాలూ గొంతు వణక్కుండా చెప్పగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

అంత్యక్రియలకి అమ్మా నేనూ వెళ్ళాం. గురజాలలో ఆ అద్దె గది ముందే షామియానా కింద ఆవిణ్ణి పడుకోబెట్టారు. ఆవిడ కాళ్ళ దగ్గర చాప మీద అమ్మ కూచుంది. శిక్ష ముగించుకుని వచ్చిన మరిది, ఇప్పుడు జుట్టంతా తెల్లబడ్డ మనిషి, రోడ్డుకి అవతల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు. అమ్మ ఆయన్ని చానాసేపు చూసింది. తర్వాత చాప మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.